ఇంట్లో ఉంటున్నవారి సంఖ్య

శ్రీమతి గారికి,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ఎవరెవరని అడక్కు, నేనొక్కణ్ణే కదా. కానీ 'నేను క్షేమం' అని రాస్తే ఉత్తరం మొదట్లోనే బోసిగా కనిపించింది, అందుకని అందర్నీ కలుపుకున్నాను. నువ్వూ, నీతో ఆ దీవిలో ఉన్నవాళ్లూ, గాలి వేగం కొలిచే నీ గిన్నెలూ అన్నీ క్షేమమని తలుస్తాను.

లాంచీ వచ్చిన మర్నాడే నీ ఉత్తరం అందింది. నీ వాతావరణ కేంద్రం వాళ్లు ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారనీ, ఆ కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా చెప్పమనీ మళ్లీ అడిగావు. పోయిన రెండు ఉత్తరాల్లోనూ "నీ ఇష్టం" అని రాశాను. ఈసారి నువ్వు ఊరుకోలేదు. "నా ఇష్టం నాకు తెలుసండీ, మీ ఇష్టం చెప్పండి. వచ్చే లాంచీలో మీ జవాబు రాకపోతే సంతకం పెట్టేస్తాను" అన్నావు. చెబుతాను. చివర్లో చెబుతాను. నీళ్లు నమలడం నాకు అలవాటని తెలుసుగా, కాస్త నమలనివ్వు.

ముందు చిన్న ప్రశ్నలు. వంటింటి కుళాయి కారడం ఆగలేదు. ప్లంబరు వచ్చాడు, చూశాడు, తల ఊపాడు. "ఇది లోపల్నుంచే పోయింది సార్" అన్నాడు. లోపల్నుంచి పోయింది కాబట్టే కదయ్యా నిన్ను పిలిచాను అంటే, వచ్చేవారం వస్తానని వెళ్లాడు. ఆ వచ్చేవారం వచ్చింది, వెళ్లిపోయింది కూడా. వాడు రాలేదు. కింద గిన్నె పెట్టాను. తిండి సంగతి అడిగావు. తింటున్నాను. ఏం తింటున్నానో అడక్కపోతే ఇద్దరికీ మర్యాద. మంచం మీద నీ వైపున ఉతికిన బట్టలూ పుస్తకాలూ చేరాయి. నువ్వుంటే ఇల్లెగిరిపోయేలా తిట్టేదానివి. తిట్టే మనిషి లేకపోతే బట్టలు మడతపెట్టబుద్ధి కాదని నాకీ వయసులో తెలిసింది.

ఇంకో ప్రశ్న అడిగావు: "ఏమండీ, ఇంతకీ ఇప్పుడు మీరు రాస్తున్నది ఎవరు చదువుతారు? నాకర్థమయ్యేలా చెప్పండి" అని. ఆఫీసు సంగతి నువ్వింత శ్రద్ధగా అడగడం మొదటిసారి. దీవిలో ఊసుపోవడం లేదన్నమాట.

మా పార్సిళ్ల కంపెనీలో ఒక్కో ఇంటికీ ఒక్కో వివరాల పేజీ ఉంటుంది. ఏ గేటులోంచి వెళ్లాలి, ఏ అంతస్తు, ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు, ఎవరి పేరున వచ్చింది ఎవరి చేతికివ్వాలి, అన్నీ అందులో ఉంటాయి. ఇదివరకు మా గుమాస్తాలు ఒక్కో పేజీ తెరిచి మార్చేవాళ్లు. ఎలా మార్చాలో వాళ్లకు విడమరిచి రాయడం నా పని. ఇప్పుడు ఒక వీధి వీధినంతా ఒక్క దెబ్బకి మార్చేసే సాధనం తయారుచేశారు. దాన్ని వాడేది గుమాస్తాలు కాదు, ఏఐ ఏజెంటు. ఏజెంటంటే బీమా ఏజెంటనుకునేవు! ఇది మనిషి కాదు. ఫలానా పని చెయ్యమని మామూలు మాటల్లో చెబితే తనే దారి వెతుక్కుని కంప్యూటర్లో చేసుకుపోయే ప్రోగ్రాము. అది మా రికార్డుల్ని ముట్టుకోవాలంటే ఏపీఐ అనే కౌంటరు కిటికీ దగ్గరికి రావాలి. ఆ కిటికీలో ఏం అడగొచ్చు, ఎలా అడగాలి, ఏం చెయ్యకూడదు, ఇదంతా నేను రాసిన పత్రం చదివే నేర్చుకుంటుంది. కాబట్టి నా పాఠకుడు అదే. వేరే ఎవరూ చదవరు.

మొదటిరోజు అలవాటుగా "దయచేసి ముందుగా ఇంటి నంబరు ఇవ్వండి" అని మొదలుపెట్టాను. మా మేనేజరమ్మ, నాకంటే బాగా చిన్నది, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "సార్, దానికి మొహమాటం ఉండదు. దయచేసిలన్నీ తీసెయ్యండి" అంది. తీసేశాను. "సాధారణంగా అన్నారిక్కడ. సాధారణంగా అంటే ఎప్పుడు కాదో కూడా చెప్పాలి కదా?" అంది. అదీ కొట్టేశాను. కొట్టేయగా కొట్టేయగా మిగిలినవి ఇలాంటివి: ఖాళీగా వదిలిన గడిని ముట్టుకోవద్దు, పాత వివరమే ఉంచు. చెరపమని విడిగా చెబితేనే చెరుపు. పంపిన ఇళ్లలో కొన్ని కుదరకపోతే మిగతావి ఆపకు, కుదరనివేవో చెప్పు. ఈ మార్పును వెనక్కి తీసుకోవడం కుదరదు. చదువుతుంటే ఎవరో కోపిష్టి తాతగారు ఇంటెడు మందినీ నిలబెట్టి మాట్లాడుతున్నట్టుంది.

గుమాస్తాలకు రాసే రోజుల్లో నాకు తిట్లుండేవి. మా ఆఫీసులో పెద్దావిడ ఒకామె ఉండేదని చెప్పాను గుర్తుందా, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకునే ఆవిడ? నా కొత్త కాగితం వెళ్లిన అరగంటకల్లా ఫోను మోగేది. "ఏం రాశావయ్యా, ఒక్క ముక్క అర్థమై చస్తేనా! పైకి రా" అనేది. వెళ్లేవాణ్ణి. ఆవిడ టీ తెప్పించేది, నేను తిట్లు తిని, టీ తాగి, వాక్యాలు మార్చుకుని దిగొచ్చేవాణ్ణి. ఆ అంతస్తులో ఇప్పుడు కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఆవిడ కూతురి దగ్గరికి వెళ్లిపోయిందట. కొత్త పాఠకుడు నేను రాసింది కళ్లు మూసి తెరిచేలోగా చదివేస్తాడు. అర్థం కాలేదనడు, విసుక్కోడు, బాగుందనీ అనడు. రాసింది రాసినట్టు తు.చ. తప్పకుండా చేస్తాడు. చదివినవాళ్లలో ఒక్కరైనా తిట్టకపోతే రాసినట్టే ఉండదోయ్. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికొచ్చి, ఇక్కడా ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్న రోజులున్నాయి. ఒకరోజు పక్కింటాయన "ఏంటండీ సంగతులు?" అంటే గొంతు పెగల్లేదు. జలుబన్నాను.

ఇక అసలు జరిగిన భాగోతం చెబుతాను. నీకు తెలియాలి, ఎందుకంటే నువ్వు లేకుండానే నువ్వు అందులో ఉన్నావు.

ఇలాంటి పత్రాల్లో చివర ఒక ఉదాహరణ ఇవ్వాలి. "ఒక ఇంటిని ఇలా మార్చాలి" అని నింపి చూపించాలి. ఆ ఉదాహరణలో లోకంలో ఎక్కడా లేని ఇంటి నంబరు పెట్టాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. ఎవరైనా పొరపాటున దాన్నే పంపినా, అలాంటి ఇల్లు లేదని కిటికీ వెనక్కి కొట్టేస్తుంది. నేను అలా చెయ్యలేదు. మన ఇంటి నంబరు పెట్టాను. 'ఇంట్లో ఉంటున్నవారి సంఖ్య' అనే గడిలో ఒకటి అని నింపాను. పేర్ల గడిలో నా పేరు ఉంచి, నీ పేరు చెరపమని చూపించాను.

తర్వాత మేనేజరమ్మ ఏజెంటుకు ఒక చిన్న పని అప్పజెప్పింది. మన వెనక వీధిలో గేటు మారింది కదా, ఆ ఇళ్లన్నింటికీ కొత్త గేటు వివరం పెట్టమంది. అది నా పత్రమంతా చదివింది, ఉదాహరణతో సహా. ఉదాహరణ కూడా చెయ్యాల్సిన పనిలో భాగమే అనుకుంది కాబోలు, ఆ వీధి ఇళ్లతో పాటు మన ఇంటినీ పంపేసింది. నంబరు నిజమైనది, కిటికీ ఎందుకు కాదంటుంది? అన్నీ కుదిరాయని జవాబిచ్చింది. మేమూ భేషన్నాం.

నీకు తెలియకుండా నీ పేరున ఒక మందపాటి వానకోటు తెప్పిస్తున్నాను, ఈ లాంచీలో పంపుదామని. అది రాలేదు కానీ మా కంపెనీ పార్సిళ్లు తెచ్చే ఆయన వట్టి చేతులతో మెట్లెక్కి వచ్చాడు. పాపం మంచివాడు. కాసేపు చెప్పులకేసి చూశాడు.

"సార్, మేడంగారి పేరున ఒకటొచ్చింది. ఈ పేరుగలవారు ఈ ఇంట్లో లేరని మా మెషీన్లో పడుతోంది. వెనక్కి పంపేశాను. అడగకూడదనుకోండి... మేడంగారు ఇంక ఇక్కడ ఉండట్లేదా?"

"ఉద్యోగం మీద వెళ్లిందయ్యా" అన్నాను.

"ఆఁ, అదే సార్. అలాగే అనుకుందాం" అని నా చెయ్యి పట్టుకుని నొక్కి వెళ్లాడు.

కింద ఇంటి ఓనరమ్మ చెవి ఎంత పదునో నీకు తెలుసు. సాయంత్రానికి గిన్నెలో ఏదో వేడివేడిగా పట్టుకుని పైకొచ్చింది. వచ్చి, మంచం మీద నీ వైపున్న బట్టల కుప్ప చూసి నిట్టూర్చింది.

"అమ్మాయి వెళ్లిపోయిందటగా బాబూ? నేను అనుకుంటూనే ఉన్నాను. ఏడాది దాటినా మనిషి జాడ లేకపోతే ఎవరికైనా తెలుస్తుందిలే. తప్పెవరిదని నేనడగను."

"పిన్నిగారూ, అది కంప్యూటర్ పొరపాటండీ."

"అవును నాయనా, అన్నీ పొరపాట్లే. నాలుగు రోజులు పోతే సర్దుకుంటాయి. ఏదీ, ముందిది తిను."

నవ్వొచ్చింది. నిన్ను తలుచుకుని, ఇది నీకు రాస్తే ఎంత నవ్వుతావో అనుకుంటూ తిన్నాను. ఆవిడ వెళ్లాక నవ్వు ఆగిపోయింది. ఆవిడ మళ్లీ వస్తే బాగుండుననిపించింది. చూడు, తప్పుడు వార్త విని ఓదార్చడానికి వచ్చిన మనిషి కోసం నేను తలుపు వెయ్యకుండా కూర్చున్నాను.

మర్నాడు మేనేజరమ్మకు చెప్పాను. నెత్తి కొట్టుకుంది. "ఉదాహరణలో అసలు నంబరు పెట్టారా సార్? ఇన్నేళ్ల అనుభవం ఉండి మీరా?" అంది. ఏదో ధ్యాసలో చేతికొచ్చింది పెట్టేశానన్నాను. వెంటనే పత్రం మార్చాను. ఉదాహరణ చూపించడానికే, పంపడానికి కాదని పైన రాశాను. నంబరు తీసేసి లేనిది పెట్టాను. కింద ఇంకో మాట చేర్చాను: తేల్చుకోలేని చోట ఊహించవద్దు, అడుగు. జవాబు రాకపోతే ఉన్నది ఉన్నట్టు ఉంచు.

"మీ ఇల్లు కూడా ఏజెంటుతోనే సరిచేయించండి, కొత్త పత్రం పనిచేస్తుందో లేదో తేలిపోతుంది" అందావిడ. సరేనని, మన ఇంటి నంబరిచ్చి, వివరాలు సరిచెయ్యమన్నాను. అది అడిగింది: "ఈ ఇంట్లో ఉంటున్నవారి సంఖ్య ఎంత?"

ఇద్దరు, అని కొట్టాను.

మళ్లీ అడిగింది: "పత్రం ప్రకారం ఆరు నెలలకు మించి ఇంట్లో లేనివారిని లెక్కించకూడదు. ఈ ఇద్దరూ గత ఆరు నెలల్లో ఈ ఇంట్లో ఉన్నవారేనా?"

ఆ నియమం పెట్టింది నేనే. చదువులకు వెళ్లినవాళ్ల పేర్లు, ఊళ్లు మారినవాళ్ల పేర్లు ఏళ్ల తరబడి పడుంటున్నాయని, ఏరివెయ్యడానికి వీలుగా నేనే రాశాను. రాసినప్పుడు బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. మేనేజరమ్మ నా భుజం మీదుగా చూసి, "అవునని కొట్టెయ్యండి సార్, ఎవరు చూడొచ్చారు?" అంది. నువ్వు సెలవుకి వస్తానన్నప్పుడు తుఫానొచ్చి లాంచీ ఆగిపోయింది. దానికి ముందు సెలవు నువ్వే వద్దనుకున్నావు, కొత్త పరికరాలొచ్చాయని. అవునని ఎలా కొట్టను? కాదని కూడా కొట్టలేకపోయాను. టీ తాగొస్తానని లేచిపోయాను. తిరిగొచ్చేసరికి అది పని ముగించింది. జవాబు రాలేదు కాబట్టి మార్పు చెయ్యలేదని రాసి ఉంది.

మేనేజరమ్మ అది చదివి, "అయితే సార్, జరిగిన పద్ధతి తప్పేగానీ, పడిన వివరం ఒప్పే. సరిచెయ్యడానికేం లేదు" అని తన గదిలోకి వెళ్లిపోయింది. మంచి మనిషే. పనిలో మాట అలాగే అంటారు. కానీ ఆ మాటకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మొహం కడుక్కోవడానికి వెళ్లి, పై అంతస్తులో పేర్చిన కుర్చీల్లోంచి ఒకటి దింపుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు నీకొక మాట చెప్పాలి. మేనేజరమ్మకు చెప్పింది నిజం కాదు. ఆ నంబరు ధ్యాస తప్పి పెట్టింది కాదు. రెండేళ్ల సంగతి నువ్వు మొదటిసారి రాసిన ఉత్తరం ఆ రోజు నా జేబులో ఉంది. "నీ ఇష్టం" అని నీకు జవాబు పోస్టు చేసి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఉదాహరణ రాయాల్సి వచ్చింది. ఇంట్లో ఒక్కడే అని రాస్తే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. నీ పేరు చెరపమని నా చేత్తోనే రాశాను. రాసి చదువుకున్నాను. రెండేళ్ల తర్వాత నువ్వు ఇంకో రెండేళ్లు అంటావు, నేను ఇంకోసారి నీ ఇష్టం అంటాను, ఇదే కదా జరగబోయేది, ఇప్పుడే అలవాటు చేసుకుందామనుకున్నాను. అలవాటు కాలేదు. తీసేద్దామనుకునేలోపు మేనేజరమ్మ పత్రం అడిగింది, ఇచ్చేశాను. ఏజెంటు తప్పేం లేదు పాపం, నేను రాసింది అది చేసింది.

నీ ఇష్టం అంటే పెద్ద మనసనుకున్నావేమో. కాదు. వద్దు, వచ్చెయ్ అంటే నువ్వు రానంటావేమోనని భయం. అడక్కపోతే కాదనించుకునే బాధ ఉండదు కదా, అదీ లెక్క. పైగా నీకా పనంటే ప్రాణమని నాకు తెలుసు. గాలి దిక్కు మారిన రోజు సంగతి రాస్తే నీ అక్షరాలు పెద్దవవుతాయి, ఉత్తరంలో సగం దానికే పోతుంది. నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాదు, అయినా రెండేసిసార్లు చదువుతాను. నా మాట విని నువ్వు తిరిగొచ్చి, ఇక్కడ కిటికీ పక్కన కూర్చుని మబ్బులకేసి చూస్తూ నిట్టూరిస్తే ఆ పాపం నాదే. అదంతా ఆలోచించాను. ఎంత ఆలోచించినా నా ఇష్టం మాత్రం మారలేదు. నువ్వు అడిగావు, చెబుతున్నాను.

ఆ కాగితం మీద సంతకం పెట్టకు. వచ్చెయ్. నాకు ఇక్కడ ఒంటరిగా ఉంది. భరించలేనంత ఒంటరిగా ఉంది.

నువ్వు లేక ఇల్లు పాడైపోతోందనీ, నా ఆరోగ్యం బాగాలేదనీ రాసి నిన్ను రప్పించొచ్చు. నాకు బీపీ కూడా లేదు. ఒంట్లో శుభ్రంగా ఉంది. కారణం ఇంకేం లేదు, నువ్వు కావాలి, అంతే. మీ కేంద్రం వాళ్లు ఒడ్డున కూడా ఒక ఆఫీసు తెరుస్తారని ఆమధ్య రాశావు. అక్కడ ఖాళీ ఉందేమో అడుగు. అదెక్కడైనా సరే, నేనే నీ దగ్గరికి వచ్చి ఉంటాను. ఏజెంటుకు రాసే పని ఏ గదిలో కూర్చున్నా చెయ్యొచ్చు. ఇదంతా విన్నాక కూడా నువ్వు సంతకం పెడితే పెద్దమనిషిలా అర్థం చేసుకుంటానని మాత్రం అనుకోకు. అలుగుతాను. చాలాకాలం అలుగుతాను. ఉత్తరాలు మాత్రం రాస్తాను, అలిగి రాస్తాను.

మధ్యాహ్నం రెండు కావస్తోంది. లాంచీ సంచీ నాలుగింటికి కడతారు. ఇది మళ్లీ చదువుకోను. చదివితే పైన ఆ నాలుగు ముక్కలూ కొట్టేసి నీ ఇష్టం అని రాసినా రాస్తాను. జిగురు పెట్టి, చొక్కా వేసుకుని, ఇప్పుడే పోస్టు చేసి వస్తాను.

ఇట్లు,
నిన్ను రమ్మంటున్న
మీ ఆయన